తులం ఎన్ని గ్రాములు? – సృష్టికర్త మీద నమ్మకం, ఇంట్లో లెక్కలు

అస్సలాము అలైకుం. ఈ సాయంత్రం మన మధ్యకు వచ్చిన హిందూ, క్రైస్తవ సోదరసోదరీమణులందరికీ నమస్కారం.

ఈ లోకాన్ని ఒకడు పుట్టించాడు అన్న మాట దగ్గర ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి పేచీ ఉండదు. తెల్లారి లేచాక ఆ మాటతో మనకేం పని అన్నచోటే వస్తుంది పేచీ అంతా. కుళాయి తిప్పేటప్పుడు, కిలో బెల్లం తూచేటప్పుడు, తండ్రి పోయాక అన్నాచెల్లెళ్ళు ఇల్లు పంచుకునేటప్పుడు ఆ మాట ఎక్కడుంటుంది? ఆకాశాన్ని ఎవరు నిలబెట్టారని రాత్రంతా వాదించగల మనిషి తన దుకాణంలో త్రాసు సంగతి ఎత్తితే మాట మార్చేస్తాడు. అందుకే ఈ రోజు పెద్ద తాత్విక చర్చలోకి వెళ్ళడం లేదు. గ్రాములు, లీటర్లు, తేదీలు, వాటాలు మాట్లాడుకుందాం. కాగితం, పెన్ను తెచ్చుకోమని ముందే చెప్పించింది కూడా అందుకే.

ఖుర్ఆన్‌లో 55వ సూరా, అంటే అధ్యాయం, 7 నుంచి 9 వరకు మూడు వాక్యాలు చూడండి. ఆకాశాన్ని ఎత్తుగా నిలిపాడు, త్రాసును నెలకొల్పాడు, తూకంలో హద్దు మీరవద్దన్నాడు, తూకం తగ్గించవద్దన్నాడు. మూడు వాక్యాల్లో త్రాసు మాట మూడుసార్లు వచ్చింది. ఆకాశం పక్కనే త్రాసు! రెండింటికీ సంబంధం ఏమిటని అడగాలి. ఆకాశం ఎవరిదో, ఆ పళ్ళెంలోని పప్పూ వారిదే. అదే సంబంధం.

57వ సూరా ఏడో వాక్యం దీన్నే ఇంకాస్త విప్పి చెబుతుంది. మీ చేతిలో ఉన్నదానికి మిమ్మల్ని ప్రతినిధులుగా పెట్టాను, అందులోంచి ఖర్చు పెట్టండి అంటుంది. మన ఊళ్ళ భాషలో ధర్మకర్త అన్నమాట. దేవుడి మాన్యానికి ధర్మకర్తగా ఉన్నవాడు పంట అమ్మవచ్చు, జీతం తీసుకోవచ్చు, మంచిచెడ్డా చూసుకోవచ్చు. మాన్యం నాది అనకూడదు. లెక్క అడిగే రోజు ఒకటి ఉందని మరవకూడదు. ముస్లింలు దీన్నే అమానత్ అంటారు. విశ్వాసం దినచర్యలో తెచ్చే మార్పు ముఖ్యంగా ఇదే. యజమాని కాస్తా ధర్మకర్త అవుతాడు. తక్కినవన్నీ దీనికి కొమ్మలు.

నీళ్ళతో మొదలుపెడదాం.

రోజుకు ఐదు నమాజులు, ఒక్కో నమాజుకు ముందు వుజూ, అంటే నీళ్ళతో శుద్ధి చేసుకోవడం. చేసిన వుజూ నిలిచి ఉంటే మళ్ళీ అక్కర్లేదు కానీ, చాలామంది రోజుకు నాలుగైదుసార్లు చేస్తారు. ఖుర్ఆన్ తప్పనిసరి అన్నవి నాలుగు: ముఖం, మోచేతుల వరకు చేతులు కడగడం, తల తడిచేత్తో తుడవడం, చీలమండల వరకు పాదాలు కడగడం. మణికట్ల వరకు చేతులు కడగడం, నోరు పుక్కిలించడం, ముక్కు శుభ్రం చేసుకోవడం ప్రవక్త (స) ఆచరణ. కడిగేవి ఒక్కోటి మూడుసార్లకు మించకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు. నీళ్ళు ఎన్ని అన్నది మాత్రం తెలియదు.

ప్రవక్త (స) ఒక ముద్ద్ నీళ్ళతో వుజూ చేసేవారనీ, ఒక సా నుంచి ఐదు ముద్ద్‌ల నీళ్ళతో స్నానం చేసేవారనీ బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. హదీసు అంటే ప్రవక్త (స) మాటలు, చేతల ఉల్లేఖనం. ముద్ద్ అంటే సగటు మనిషి రెండు చేతులూ చేర్చి పట్టిన దోసిలి. నాలుగు ముద్ద్‌లు ఒక సా. నేటి కొలతల్లో ముద్ద్‌ను లీటరులో రెండొంతులకు అటూ ఇటూగా లెక్కిస్తారు. లీటరు నీళ్ళ సీసా ఉంది కదా, అందులో మూడోవంతు మిగలాలి. వుజూ చేసేటప్పుడు కుళాయి కింద ఒక్కసారి బకెట్ పెట్టి చూడండి. మిస్వాక్ పళ్ళపుల్ల నమిలేటప్పుడు, మోచేతి చొక్కా మడిచేటప్పుడు, పక్కవాడికి సలాం చెప్పేటప్పుడు కూడా కుళాయి పారుతూనే ఉంటుంది. బకెట్ సగం దాటితే ఆశ్చర్యపోకండి. వేసవిలో ట్యాంకర్ తెప్పించే మసీదుల్లో ఈ లెక్క గోడమీద రాసిపెట్టాల్సినంత అవసరం. మగ్గుతో చేస్తే సగం సమస్య తీరిపోతుంది.

పారే నది ఒడ్డున ఉన్నా నీళ్ళు వృథా చేయకు అన్న హదీసు మీరంతా విని ఉంటారు. దాని ఉల్లేఖన పరంపర బలహీనమని హదీసు పండితులు అంటారు, కాబట్టి దాన్నే పెద్ద ఆధారంగా చూపించవద్దు. ముద్ద్ లెక్కకు ఆ ఇబ్బంది లేదు.

ఇంకో తప్పు దీనికి పూర్తిగా ఎదురుది. నీళ్ళు ధారాళంగా పోసినా మడమ పొడిగా మిగిలిపోవడం. పాదం పైన పోసిన నీళ్ళు ముందుకు జారిపోతాయి, వెనక మడమ దగ్గర పగుళ్ళు తడవవు. పొడిగా మిగిలిన మడమల గురించి ప్రవక్త (స) గట్టిగా హెచ్చరించారు. ఎడమచేత్తో మడమను రుద్దితే చాలు, రెండు చెంచాల నీళ్ళు సరిపోతాయి. గోళ్ళ రంగు ఉంటే నీరు గోరును తాకదు, గోరింటాకు అయితే తాకుతుంది. తక్కువ నీళ్ళు, ఎక్కువ శ్రద్ధ – వుజూలో సూత్రం ఇదే.

ఇక త్రాసు.

83వ సూరా పేరే తూకంలో తగ్గించేవాళ్ళ మీద ఉంది. అందులో ఒక చక్కని పట్టు ఉంది, చాలామంది దాన్ని సగమే చదువుతారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుంటారు, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు – తప్పు ఈ రెండు చేతులదీ. అమ్మేవాడి మోసం ఒకటే కాదు, కొనేవాడి మోసం కూడా.

మదీనా బజారులో ప్రవక్త (స) ఒక ధాన్యపు కుప్పలో చెయ్యి పెడితే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని చెప్పాడు వర్తకుడు. అయితే తడిసినదాన్ని జనం చూసేలా పైన పెట్టి ఉండాల్సింది కదా, మోసం చేసినవాడు మావాడు కాడు అన్నారు. గమనించండి, వాన పడటం అతని తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మవద్దని కూడా అనలేదు. లోపం కింద దాచి పొడిది పైన పరచడమే తప్పు. తడిసిందని చెప్పి తక్కువ ధరకు అమ్ముకోవచ్చు.

ఇప్పుడు మన యార్డులకు రండి. ప్రభుత్వ మద్దతు ధరకు వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. మిర్చికి తూకం రావాలని టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, నీళ్ళు చల్లే పద్ధతి ఒకటి ఉంది. నీళ్ళు చల్లితే కాయ విరగదు, బరువు పెరుగుతుంది. కానీ లోపల తేమ నిలిచి బూజు పడుతుంది, రంగు దిగుతుంది, ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. దాన్ని తినేది ముక్కూమొహం తెలియని ఇంకెవరో. ఇది ఇచ్చే చేతి మోసం. తీసుకునే చేతిది చూడండి: తేమ 17 లోపే ఉంటుంది, తాలు ఉందనో సంచి బరువనో బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీసేస్తారు. సంచి తూచి చూపించరు. రైతు ఎదురు చెప్పలేడు, లారీ ఎదురుచూస్తోంది, మబ్బు పట్టింది. ఆ సూరాలోని రెండో వాక్యం, మూడో వాక్యం ఒకే కాంటా దగ్గర, ఒకే రోజు కనబడతాయి.

చిల్లర దుకాణంలో ఇంత మొరటుగా జరగదు. ఎలక్ట్రానిక్ కాంటా అబద్ధం చెప్పదని మన ధైర్యం. కాంటా చదునుగా లేకపోతే చెబుతుంది, పైన ఫ్యాను తిరుగుతుంటే చెబుతుంది. పళ్ళేనికి బెల్లమో చింతపండో అంటుకుని ఉంటే చెబుతుంది. పొద్దున సున్నా చేసిన తర్వాత పళ్ళేనికి 20 గ్రాముల జిగురు పట్టిందనుకోండి. రోజుకు 50 మందికి తూచితే కిలో సరుకు. ఏడాదికి 300 రోజులు తెరిస్తే 300 కిలోలు. ఎవరి జేబూ కొట్టలేదు, ఎవరితోనూ అబద్ధం ఆడలేదు, గుడ్డ పెట్టి తుడవలేదు అంతే. మిఠాయి కొట్లో అట్టపెట్టెను మిఠాయి ధరకు అమ్మడం కూడా ఈ కోవలోదే. పెట్టె ముందు పెట్టి, సున్నా చేసి, ఆ తర్వాత మిఠాయి పెట్టాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర కాంటా మీద ఉందో లేదో చూసుకోవడం చట్టం పని. ముద్ర పడిన మర్నాటి నుంచి తుడవడం మాత్రం వేరే పని, దాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి చూడడు. చూసేవాడు ఒకడున్నాడు అని నమ్మినవాడి చేతిలో గుడ్డ ఉంటుంది.

పంట మాటకొస్తే, కోత రోజే దాని హక్కు ఇచ్చేయండి అని 6వ సూరా 141వ వాక్యం. ఇది ఏడాది తిరిగాక ఇచ్చేది కాదు, కళ్ళం దగ్గర ఇచ్చేది. వాన మీద పండితే పదోవంతు, బోరు వేసి మోటారుతో తోడి పండిస్తే ఇరవయ్యోవంతు. వాన కొంత, బోరు కొంత అయితే నడిమధ్య, ఏడున్నర శాతం. అన్నం పెట్టే ధాన్యాలకు ఐదు వస్క్‌లు అంటే సుమారు 650 కిలోలు దాటితేనే అని ఎక్కువమంది పండితులు, ఎంత పండినా ఇవ్వాలని ఇమాం అబూ హనీఫా. ఆ పది, ఐదు శాతాల తేడా చూడండి: మనిషి చెమట, ఖర్చు పెరిగినకొద్దీ వాటా సగమైంది. ఆకాశం నుంచి ఉచితంగా వచ్చిన నీళ్ళకు ఎక్కువ కట్టాలి. ఏ పన్నుల శాఖా ఇలా ఆలోచించదేమో!

68వ సూరాలో ఒక తోటవాళ్ళ కథ ఉంది. పేదవాళ్ళు వచ్చేలోపే తెల్లారకముందే పంట కోసేసుకోవాలని ఒట్టు పెట్టుకుని, గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. వెళ్ళి చూస్తే తోట రాత్రికి రాత్రే నల్లగా మాడిపోయి ఉంది. దారి తప్పామా అనుకున్నారు ముందు. ఇప్పుడు అలా గుసగుసలాడాల్సిన పని కూడా లేదు. కోత మిషన్ మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది, నాలుగింటికి ధాన్యం ట్రాక్టర్లో ఉంటుంది. పరిగె ఏరుకోవడానికి వచ్చే ముసలమ్మ, మేర కోసం కళ్ళం దగ్గర నిలబడే కులవృత్తుల వాళ్ళు కనబడరు. మిషన్‌ను తప్పుపట్టలేం. కానీ ఆ ముసలమ్మ రాదు కాబట్టి ఆమె ఇంటికి మనమే వెళ్ళాలి. హక్కుదారు కనబడకపోయినంత మాత్రాన హక్కు పోదు.

ఇప్పుడు కాగితాలు తీయండి. జకాత్, అంటే ఉన్న సంపదలోంచి ఏటా హక్కుదారులకు ఇవ్వాల్సిన రెండున్నర శాతం, నలభయ్యోవంతు.

పుస్తకాల్లో ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి అని ఉంటుంది. అది ఉంటే జకాత్ తప్పనిసరి అయ్యే హద్దు, నిసాబ్. మన బంగారం కొట్లలో తులం అంటే పది గ్రాములు. పుస్తకంలోని తులం పాతది, 11.664 గ్రాములు. ఏడున్నరతో హెచ్చవేస్తే 87.48 గ్రాములు. వెండి 612.36 గ్రాములు. అరబ్ దేశాల్లో పాత నాణేల లెక్కన 20 దీనార్ల బంగారాన్ని 85 గ్రాములుగా, 200 దిర్హమ్‌ల వెండిని 595 గ్రాములుగా లెక్కిస్తారు కాబట్టి గల్ఫ్‌లో ఉన్న మీ పిల్లలు ఫోన్లో వేరే అంకె చెబితే తికమకపడకండి. ఎనిమిది తులాలు ఉంది అనే అమ్మ దగ్గర ఉన్నది 80 గ్రాములే, బంగారం ఒక్కదాని నిసాబ్ దాటలేదు. కోస్తాలో కాసుల్లో చెబుతారు, కాసు 8 గ్రాములు. పదకొండు కాసులంటే 88, దాటింది. పది కాసులు దాటలేదు.

అయితే ఇక్కడే అసలు చిక్కు. ఇంట్లో బంగారం ఒక్కటే ఉండి, నగదూ వెండీ సరుకూ ఏమీ లేకపోతేనే ఆ 87 గ్రాముల లెక్క. బంగారంతోపాటు నగదో వెండి పట్టీలో ఉంటే రెండూ కలిపి విలువ కట్టి, 612 గ్రాముల వెండి ధరతో పోల్చాలని మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పండితుల, అంటే ఇమాం అబూ హనీఫా మార్గంలోని వాళ్ళ మాట. రెండు తులాల గొలుసూ, బ్యాంకులో కొద్దిపాటి డబ్బూ ఉన్న ఆడమనిషి వెండి హద్దు సులువుగా దాటిపోతుంది. నా దగ్గర ఏడున్నర తులాలు లేవు కదా అని ఏళ్ళ తరబడి లెక్కే వేయనివాళ్ళు ఇలాగే తప్పిపోతారు. ఒంటిమీద వేసుకునే నగలకు జకాత్ లేదని మిగతా మూడు మార్గాలైన షాఫయీ, మాలికీ, హంబలీ పండితుల్లో ఎక్కువమంది అంటారు, హనఫీలు ఉందంటారు. ఏదో ఒకటి తెలిసి పాటించండి. లాభంగా ఉన్న ఏడాది ఒక అభిప్రాయం, మరో ఏడాది ఇంకో అభిప్రాయం వద్దు. నగ ఎవరి పేరున ఉందో వాళ్ళదే బాధ్యత. భర్త ఇవ్వవచ్చు, కానీ ఆమెకు చెప్పి ఇవ్వాలి.

విలువ కట్టేటప్పుడు మజూరీ, రాళ్ళు తీసేయండి. ఈ రోజు అమ్మితే కొట్లో ఎంతిస్తాడో ఆ ధర చూడండి, కొన్నప్పటి బిల్లు కాదు.

తేదీ ఇంకా ముఖ్యం. నిసాబ్ మొదటిసారి చేతికొచ్చిన చాంద్రమాన తేదీ రాసిపెట్టుకుని, మళ్ళీ అదే తేదీకి లెక్క చూడాలి. మధ్యలో డబ్బు తగ్గి పెరిగినా హనఫీ లెక్కలో ఏడాది తెగదు, పూర్తిగా సున్నా అయితే తప్ప. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు. మార్చి 31కి ఖాతాలు ముగిస్తారు కాబట్టి ఆ రోజుకే జకాత్ అనుకుంటే ఏటా 11 రోజులు జారిపోతాయి, 33 ఏళ్ళకు ఒక ఏడాది జకాత్ మొత్తం ఎగిరిపోతుంది. వ్యాపార ఖాతాల వల్ల మార్చి తప్పనిసరి అయితే 2.5 బదులు 2.577 శాతం ఇవ్వమంటారు. రంజాన్‌లోనే ఇవ్వాలన్న నియమం లేదు. మీ తేదీ సఫర్ నెలలో అయితే, రంజాన్ దాకా ఆపడం అంటే హక్కుదారుకు ఏడు నెలలు ఎగవేయడమే.

ఒక కిరాణా దుకాణం లెక్క వేద్దాం. సరుకు ఈ రోజు అమ్మకం ధరకు 4,00,000. గల్లాలో, బ్యాంకులో 1,20,000. వచ్చే ఖాతా బాకీలు, అంటే తిరిగి వస్తాయని నమ్మకం ఉన్నవి, 80,000. మొత్తం 6,00,000. హోల్‌సేలర్లకు ఇవ్వాల్సింది 1,50,000 తీసేస్తే 4,50,000. నలభైతో భాగించండి: 11,250. అంతే. ఫ్రిజ్, బీరువాలు, కాంటా, డెలివరీ బండి లెక్కలోకి రావు. ఉండే ఇల్లు రాదు. కుట్టుమిషన్, నడుపుకునే ఆటో రావు.

చిట్టీ ఒకటి మిగిలింది. పాట ఇంకా ఎత్తకపోతే ఇప్పటిదాకా కట్టింది మీకు రావలసిన బాకీ, కలపాలి. ఎత్తేశాక ఇంకా కట్టాల్సిన వాయిదాలు మీ అప్పు. ఇంటి లోను ఇరవై ఏళ్ళది మొత్తం ఒకేసారి అప్పుగా తీసేసి నాకు జకాత్ లేదనడం చూస్తుంటాం. ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాలు మాత్రమే తీయాలన్నది చాలామంది పండితుల మాట. ప్లాటు సంగతి కొన్ననాటి ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. ఇల్లు కట్టుకోవడానికైతే లేదు. ధర పెరిగాక అమ్మడానికే కొంటే ఏటా మార్కెట్ విలువ మీద ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ మీద కాదు! ఉద్దేశం ఏమిటో కాగితం మీద ఉండదు, అది తెలిసినవాడు మీరు, మిమ్మల్ని పుట్టించినవాడు. ఇల్లు కట్టుకుందామనే కొన్నాను అని జకాత్ వేళ గుర్తొచ్చి, బ్రోకర్ ఫోన్ చేసినప్పుడు మరిచిపోకూడదు.

ఇవ్వడంలో జరిగే పొరపాట్లు లెక్కల పొరపాట్లకంటే ఎక్కువ. ఎవరికివ్వాలో 9వ సూరా 60వ వాక్యం ఎనిమిది తెగలు చెప్పింది. తల్లిదండ్రులకు, కన్నపిల్లలకు, భార్యకు జకాత్ చెల్లదు, వాళ్ళను పోషించడం ఎటూ మీ బాధ్యతే. బీదగా ఉన్న చెల్లెలికి చెల్లుతుంది, రెండింతల పుణ్యం. వసూలు కాని బాకీని మాఫీ చేసి జకాత్‌లో రాసుకుంటే హనఫీ లెక్కలో చెల్లదు. ముందు జకాత్ చేతికిచ్చి, ఆ తర్వాత అతను తనంతట తాను బాకీ తీరిస్తే అది వేరు. పనిమనిషికి పండగ బోనస్ జీతంలో భాగమని మాటైతే, దాన్ని జకాత్ కింద రాయడం రెండు పుస్తకాల్లో ఒకే ఖర్చు రాసినట్టు. ఇక బియ్యం సంచి ఇస్తూ ఫొటో. 2వ సూరా 264 చదవండి: ఇచ్చి దెప్పిపొడవడం, మనసు నొప్పించడం దానాన్ని పోగొడతాయి. సంచి పట్టుకుని కెమెరా వైపు చూడలేక తల దించుకున్న ఆ మనిషి ముఖమే దానికి వ్యాఖ్యానం.

అప్పుల గురించి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం, 2వ సూరా 282, స్వర్గం గురించి కాదు, అప్పు పత్రం గురించి. గడువు రాయండి, రాసేవాడు న్యాయంగా రాయాలి, అప్పు తీసుకున్నవాడు చెప్పి రాయించాలి, సాక్షులను పెట్టుకోండి, చిన్న మొత్తమని విసుక్కోవద్దు. బావమరిదే కదా, రాయించుకుంటే ఏమనుకుంటాడో అని ఊరుకుని, తర్వాత ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా ఉన్న ఇళ్ళు ప్రతి వీధిలో ఉన్నాయి. రాసుకోవడం అపనమ్మకం కాదు, ఆజ్ఞ. రాసుకున్నాక, తీసుకున్నవాడు నిజంగా ఇబ్బందుల్లో ఉంటే గడువు పొడిగించండి అని దానికి రెండు వాక్యాల ముందే ఉంది.

మన దగ్గర ప్రోనోటుకు మూడేళ్ళు. మూడేళ్ళు దాటితే, మధ్యలో కొంత జమ రాయించుకోకపోతే, నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టులో దావా నిలవదు. కొందరు ఆ మూడేళ్ళు ఎప్పుడవుతాయా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటారు. చట్టానికి ఎక్కడో ఒక గీత ఉండాలి, తప్పుపట్టను. సృష్టికర్త దగ్గర కాలదోషం లేదు. ప్రవక్త (స) ముందు ఒక జనాజా, అంటే శవం ఉన్న పాడె, పెట్టి నమాజు చేయించమని అడిగితే, అప్పు ఉందా అని అడిగారు. మూడు దీనార్లు అన్నారు, మన లెక్కలో పన్నెండు పదమూడు గ్రాముల బంగారం. మీ మిత్రుడికి మీరే నమాజు చేసుకోండి అన్నారు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా అనే అనుచరుడు పూచీపడ్డాకే ప్రవక్త (స) నమాజుకు నిలబడ్డారు. అప్పు పెద్దదని కాదు, మనిషి తీర్చకుండా వెళ్ళిపోయాడని.

మనిషి పోయాక వరస ఇది: ఖననం ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత మూడోవంతు మించని వీలునామా, ఆ తర్వాతే వారసులు. అప్పుల్లో మొదట వెతకాల్సింది భార్యకు ఇవ్వని మహర్, అంటే పెళ్ళిలో భర్త ఆమెకు ఇస్తానన్న సొమ్ము. నికాహ్‌నామాలో, అంటే పెళ్ళి పత్రంలో, అంకె ఉంటుంది, ఇచ్చిన ఆధారం ఉండదు. జనాజా దగ్గర ఏడుస్తున్న ఆడమనిషి చేత మహర్ మాఫీ చేశానని చెప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ మాటకు విలువేమిటో ఆలోచించండి. ఇవన్నీ పోగా 8 లక్షలు మిగిలాయనుకుందాం. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. భార్యకు ఎనిమిదోవంతు, లక్ష. మిగిలిన 7 లక్షల్లో కొడుకుకు 3,50,000, ఒక్కో కూతురికి 1,75,000. కొడుకు వాటా రెండింతలేమిటని ఇక్కడున్న సోదరీమణులు అడుగుతారు, అడగాలి కూడా. పోషణ ఖర్చు మగవాడి మీద పెట్టారు, ఆడపిల్ల వాటా మీద ఎవరి పోషణా లేదు అన్నది జవాబు. కానీ మన ఊళ్ళలో అసలు గొడవ సగమా, సమానమా అన్నదాకా రాదు. పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా అని ఆ 1,75,000 కూడా ఎగ్గొడతారు. కట్నం తీసుకోవడం ధర్మంలో లేదు. లేనిదాన్ని ఇచ్చి, ఉన్నదాన్ని ఆపేస్తారు. వాటాలు చెప్పిన వాక్యాల వెంటనే, ఇవి అల్లాహ్ గీసిన హద్దులు అని 4వ సూరాలో ఉంది. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజులోని మూడు రకాతులను, అంటే మూడు ఆవృత్తులను, రెండు చేయడానికి ఎవరికైనా చేతులొస్తాయా? చెల్లెలి వాటా దగ్గర ఎలా వస్తాయి మరి?

అంతా ఆయన ఇష్టమే కదా, మన చేతిలో ఏముంది అనే మాట చివరిగా. ఈ మాట నమ్మకంలా వినిపిస్తుంది, చాలాసార్లు బద్ధకం. ఒంటెను కట్టేసి దేవుడి మీద భారం వేయనా, వదిలేసి వేయనా అని అడిగితే, కట్టేసి వేయి అన్నారు ప్రవక్త (స). హెల్మెట్ లేకుండా బిస్మిల్లా చెప్పి బండి తీసే కుర్రవాళ్ళకు ఈ హదీసు అవసరం.

దీనికి చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 639లో ఖలీఫా ఉమర్ సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి వచ్చేసరికి, ముందు ఊళ్ళలో ప్లేగు ఉందని కబురొచ్చింది. మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లను పిలిచి అడిగారు, అభిప్రాయాలు చీలాయి. వాళ్ళకు ఆశ్రయమిచ్చిన మదీనావాసులు అన్సార్లను అడిగారు, వాళ్ళూ చీలారు. ఖురైష్ పెద్దలను అడిగితే వెనక్కి తిరగమన్నారు. తిరిగారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సిరియాలోని సేనాని అబూ ఉబైదా నిలదీశారు. అవును, ఒక దైవ నిర్ణయం నుంచి ఇంకో దైవ నిర్ణయంలోకి అన్నారు ఉమర్. నీ ఒంటెలు దిగిన లోయకు ఒక గట్టు పచ్చగా, ఒకటి ఎండిపోయి ఉంటే ఎటు మేపుతావు? ఎటు మేపినా అది దైవ నిర్ణయమే కదా? ఆ తర్వాత ప్రవక్త (స) అనుచరుడు అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ వచ్చి, ప్లేగున్న ఊళ్ళోకి వెళ్ళవద్దు, మీరున్న ఊళ్ళో వస్తే బయటికి పారిపోవద్దు అని ప్రవక్త (స) చెప్పగా విన్నానన్నారు. 2020 రంజాన్‌లో మసీదులు మూసి, రాత్రి చేసే తరావీహ్ నమాజు ఇళ్ళలో చేసుకున్నప్పుడు మన పెద్దలు చూపించింది ఇదే. అడగడం, ఆలోచించడం, తిరగడం – ఇవి విశ్వాసానికి బయటివి కావు. ఇస్తిఖారా కూడా అంతే: తెలిసినవాళ్ళను సంప్రదించాక రెండు రకాతులు చేసి, ఇందులో మంచి ఉంటే సులువు చేయమని వేడుకోవడం. కలలో పచ్చరంగు కనబడాలని ఎక్కడా లేదు.

ఇన్‌షా అల్లాహ్ మాట కూడా చెప్పి ఆపేస్తాను. రేపు ఇది చేస్తాను అని చెప్పేటప్పుడు, అల్లాహ్ తలిస్తే అని చేర్చండి అంటుంది 18వ సూరా. మాట ఇవ్వడాన్ని గట్టిచేసేందుకు వచ్చిన పదం అది. మన వాడుకలో దాని అర్థం తిరగబడింది. దర్జీ "శుక్రవారానికి కుట్టేస్తా భాయ్" అంటే శుక్రవారం వెళ్తాం. "ఇన్‌షా అల్లాహ్ శుక్రవారం" అంటే పండగకు పాత చొక్కానే అని అర్థం చేసుకుంటాం. సృష్టికర్త పేరు మనం ఎగవేతకు వాడితే, వినే పిల్లవాడు ఆ పేరును అలాగే నేర్చుకుంటాడు. చేయలేనిది చేయలేనని చెప్పండి. చేసేదానికి మాత్రం ఆ మాట చేర్చండి.

మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉంది. ప్రశ్నలున్నవాళ్ళు కూర్చోండి. బంగారం బరువులు, చిట్టీ పుస్తకాలు తెచ్చుకున్నవాళ్ళు ఎడమవైపు బల్ల దగ్గరికి రండి. తులాల్లో రాసుకొచ్చినా, కాసుల్లో రాసుకొచ్చినా ముందు గ్రాముల్లోకి మారుద్దాం. వుజూకి వెళ్ళేవాళ్ళకు కుళాయిల పక్కన మగ్గులు పెట్టించాం.